నిలువెత్తు బియ్యం

మొక్కకూడని మొక్కు ఒకటి నేను మొక్కాను. ఈ సంగతి ఊళ్ళో ఎవరో మీకు చెప్పేలోపు నా నోటితో నేనే చెప్పుకుంటే మేలు. మా ఊళ్ళో మాట నాలుగు గడపలు దాటేసరికి దానికి కొమ్ములూ తోకా మొలుస్తాయి.

పాలకుర్తి నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు మా ఊరు. మా ఆయన సదానందం తాపీ మేస్త్రి. పోయిన జనవరిలో మహబూబాబాద్‌లో ఎవరిదో రెండంతస్తుల ఇంటికి గోడల పూత పనికి పోయాడు. నిలబడడానికి కట్టిన కర్రల మంచె విరిగి, కింద ఇటుకల కుప్ప మీద వెల్లకిలా పడ్డాడు. ఫోను వచ్చేసరికి నేను వరి నాటు వేస్తున్నాను. కాళ్ళ బురద కడుక్కోకుండానే ఆటో ఎక్కాను. వరంగల్‌లో దవాఖానలో ఆపరేషన్ చేశారు. వెన్నుపూస నలిగిందని, నడుము కింద స్పర్శ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమని అన్నారు.

ఆ రోజు వరండాలో గోడకు ఆనుకొని కూర్చొని నేను దేవుడితో బేరం పెట్టుకున్నాను. "ప్రభువా, ఈ మనిషిని మళ్ళ కాళ్ళ మీద నిలబెట్టు. గా కాళ్ళతోనే కాంటా ఎక్కిస్త. ఎంత తూగితే అంత బియ్యం పెట్టి సంఘం మొత్తానికి కృతజ్ఞత కూడిక చేస్త" అన్నాను.

కృతజ్ఞత కూడిక మా విశ్వాసుల్లో మామూలే. ఇల్లు కట్టుకున్నా, రోగం నయమైనా, పిల్లకు నౌకరీ వచ్చినా సంఘాన్ని ఇంటికి పిలిచి, పాటలు పాడి, సాక్ష్యం చెప్పి, అందరికీ అన్నం పెడతారు. అందులో తప్పు లేదు. తప్పంతా ఆ కాంటాలో ఉంది.

ఆ కాంటా నా పుట్టింటి నుంచి నాతో వచ్చింది. మా అమ్మగారి ఊరు భూపాలపల్లి దిక్కు, ఘనపూర్ దగ్గర. నాకు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరం ఎన్నాళ్ళకూ తగ్గకపోతే మా అమ్మ మేడారం సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కింది. అక్కడ బంగారమంటే బెల్లం. బిడ్డను కాంటా ఎక్కించి, ఆ బరువుకు సరిపడా బెల్లం తల్లికి సమర్పిస్తారు. అమ్మ అంత బెల్లం ఎక్కడ తెస్తుందోనని భయపడి నేను కాంటా మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. గాలి పీల్చకపోతే బరువు తగ్గుతానని నా తెలివి.

పెళ్ళయి ఈ ఊరొచ్చాక మా అత్తమ్మ నా చేయి పట్టుకొని మందిరానికి తీసుకుపోయింది. ప్రభువును మనసారా నమ్ముకున్నాను. కానీ నమ్ముకున్న దేవుడు మారినంత తొందరగా మొక్కే తీరు మారదు. కష్టం మీద పడేసరికి నా నోట్లోంచి మా అమ్మ మాటే వచ్చింది.

మా ఆయన సంగతి వేరు. ఆయన పుట్టు క్రైస్తవుడు. అందుకేనేమో దేవుడంటే ఆయనకు సొంత మేనమామ అన్నంత ధీమా. క్రిస్మస్‌కు ఒకసారి, ఎవరి పెళ్ళికైనా ఒకసారి మందిరానికి వచ్చేవాడు. వచ్చినా చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చునేవాడు, తొందరగా లేచి పోవడానికి వీలుగా. నేనేమో ఆదివారం పాట ఎత్తేదాన్ని. ఇరవై అయిదేళ్ళు ఆయనను తిట్టాను, బతిమాలాను, మందిరం దాకా తోసుకుంటూ కూడా పోయాను. "నువ్వు పోతున్నవు గద సాయమ్మ, ఇంటికొకరు చాలు" అనేవాడు.

దవాఖాన నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే నీళ్ళ కోసం కొన్న నీలం డ్రమ్మును కడిగి, ఎండబెట్టి, ఆయన మంచం తలాపున పెట్టాను. మా సంఘంలో ఆడవాళ్ళు వంటకు బియ్యం కడగబోయే ముందు పిడికెడు తీసి దేవుడి పేరున పక్కన పెడతారు. నా మొక్కు పెద్దది కాబట్టి పిడికిలి చాలదని స్టీలు గ్లాసు పెట్టుకున్నాను. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. పడేనాటికి మా ఆయన డెబ్బై కిలోల మనిషి. డ్రమ్ము నిండేసరికి లేచి నిలబడతాడని నేను లెక్క వేసుకున్నాను.

ఏప్రిల్‌లో డాక్టరు ఆ లెక్క తుడిచేశాడు. మంచి మనిషే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "అమ్మా, కాళ్ళు వస్తయని ఆశ పెట్టుకోకు. చేతులల్ల బలమున్నది. కూసునుడు, కుర్చీల తిరుగుడు నేర్పుదాం" అన్నాడు.

ఆ సాయంత్రం నేను గ్లాసు పోయలేదు. మర్నాడు పొద్దున కూడా పోయలేదు. డ్రమ్ముకు మూత పెట్టి, దాని మీద ఆయన మందుల డబ్బా పెట్టాను. నా మాట మీద నేనున్నాను, దేవుడు తన మాట మీద ఉండొద్దా అని కోపం. ఆయన ఎప్పుడు మాటిచ్చాడని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు. కోపంలో ఉన్న మనిషిని జవాబు అడగకూడదు.

మూడు ఆదివారాలు మందిరానికి పోయి నోరు మూసుకొని కూర్చున్నాను. పాట ఎత్తమని అందరూ నా దిక్కు చూస్తే నేను నేల దిక్కు చూశాను. నాలుగో ఆదివారం నుంచి పోవడమే మానేశాను. గొంతు పెగల్లేదు అని చెబితే అబద్ధం. పెగిలింది, పొద్దంతా తిట్టడానికి పెగిలింది. పాటకే పెగల్లేదు. రోజూ ఆయనను లేపడం, కడగడం, పుండ్లు పడకుండా గంటకోసారి పక్కకు తిప్పడం, మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి మంచం మీదికి ఎత్తి దింపడం. ఆ తర్వాత కూలికి పోవడం. వరి బస్తాలు ఎత్తిన నడుము కాబట్టి ఆగింది. బిడ్డ షారోన్ భూపాలపల్లి నుంచి వచ్చి ఒక నెల ఉంది. దాని సంసారం దానికుంది, వెళ్ళిపోయింది.

అప్పుడు ఇంట్లో ఎలుకలు పడ్డాయి.

రేషన్ సన్నబియ్యం సంచి ఆయన మంచం పక్కనే గోడకు ఆనించి ఉండేది. నెల తిరగకముందే అడుగు కనిపించసాగింది. ఇద్దరం తినేది ఎంత? నేను సంచిని అటూ ఇటూ తిప్పి చూశాను, చిల్లు లేదు. అయినా ఎలుకలే అని తీర్మానం చేశాను. పాలకుర్తి నుంచి బోను తెచ్చి పెట్టాను. ఒక్కటీ పడలేదు. పక్కింటి నర్సమ్మ దగ్గర పిల్లిని అడిగి తెచ్చి రెండు రోజులు కట్టేశాను. అది పాలు తాగి పోయింది. ఆ ఎలుకలను నేను తిట్టిన తిట్లు మా వాడ మొత్తానికి తెలుసు. వాటి తాతలను, ముత్తాతలను కూడా వదలలేదు.

"పెద్ద ఎలుకనే అయ్యుంటది" అనేవాడు మా ఆయన మంచం మీద నుంచి, చాటలో బియ్యంలోని రాళ్ళు ఏరుతూ. ఇంట్లో ఆయన చేయగలిగిన పనులన్నీ ఒక్కొక్కటిగా తనే అందుకున్నాడు. రాళ్ళు ఏరడం, చిక్కుడుకాయ తుంచడం, ఎల్లిగడ్డ పొట్టు తీయడం. ఇంతకుముందు మంచినీళ్ళ గ్లాసు కూడా ముంచుకోని మనిషి. నాకు ఆశ్చర్యం ఆ పనుల గురించి కాదు. ఆయన ముఖం రోజురోజుకూ తేటపడుతోంది. కాళ్ళున్న నా ముఖమేమో మాడిపోతోంది. ఒకే ఇంట్లో ఉండి అది చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

అక్టోబర్‌లో ముసురు పట్టింది. వారం రోజులు పత్తి చేలలోకి ఎవరూ పోలేదు, కూలి లేదు. ఎనిమిదో రోజు పొద్దున సంచి దులిపితే దోసెడు బియ్యం కూడా రాలలేదు. నేను చాట పట్టుకొని డ్రమ్ము దగ్గరికి పోయాను.

"అండ్ల చెయ్యి పెట్టకు సాయమ్మ" అన్నాడు మా ఆయన.

"పెడ్త. నిలబెడ్తే ఇస్తనన్న. నిలబెట్టలే. నా బియ్యం నేను తీస్కుంట."

మందుల డబ్బా పక్కన పెట్టి మూత తీశాను. నేను పోసింది మూడు నెలలు కూడా లేదు. డ్రమ్ములో మూడో వంతు ఉండాలి. చాట లోపలికి దించబోతే దించే చోటే లేదు. బియ్యం మూత దాకా ఉన్నాయి. పైన మా స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

నేను ఆ గ్లాసును, ఆయనను మార్చి మార్చి చూశాను. ఆయన చేతులు చాలా పొడవు, మేస్త్రి చేతులు. మంచం మీద కూర్చుంటే ఒక చేతికి సంచి అందుతుంది, ఇంకో చేతికి డ్రమ్ము అందుతుంది.

"నువ్వు పోసినవా?" అన్నాను.

"ఎలుకలు పోసినయి" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. "ఆరు నెలలు నాతోని ఎలుకలను తిట్టిచ్చినవు. బోను తెచ్చిన, పిల్లిని తెచ్చిన. ఒక్క మాటన్న చెప్పినవా?"

"నీకు తిట్టేటందుకు ఎవరో ఒకరు కావాలె గద. దేవుణ్ణి తిట్టుడు కంటే ఎలుకలు నయమని ఊకున్న."

నేను చాట కింద పడేశాను. ఆయన మెల్లగా అన్నాడు. "డ్రమ్ము నిండింది సాయమ్మ. కూడిక పెడదాం."

"నువ్వు నిలబడ్డవా?"

"లే."

"మరి దేనికి పెట్టాలె? పడ్డందుకు పెట్టాల్నా?"

నేను నర్సమ్మ ఇంటికి పోయి మానెడు బియ్యం చేబదులు తెచ్చి వండాను. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టాను, పక్కకు తిప్పాను, మాట మాత్రం లేదు.

మర్నాడు ముసురు కాస్త తెరిపిస్తే పాస్టరు రామ్మోహన్‌గారి ఇంటికి పోయాను. మందిరం వెనకే ఆయన ఇల్లు. వానకు ఒరిగిన బీర పందిరికి కర్రలు నిలబెడుతున్నాడు. ఆరు నెలల తర్వాత కనిపించానని ఒక్క మాట అనలేదు, స్టూలు తెచ్చి వేశాడు. కాంటా సంగతి, మొక్కు సంగతి, ఎలుకల సంగతి మొత్తం చెప్పాను. మధ్యలో ఆయన పెదవులు బిగబట్టుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికే.

"అయ్యగారూ, మొక్కు చెల్లినట్టా, చెల్లనట్టా? నాకది చెప్పుండ్రి" అన్నాను.

"సాయమ్మక్కా, దేవుడు కాంటా పట్టుకొని కూసోలేదు. కాళ్ళిస్తే బియ్యమిస్తనంటే, బియ్యమిస్తే కాళ్ళిస్త అనెటోడు కాదు ఆయన. నువ్వు పరేషాన్ల అన్న మాట. నిన్ను పట్టుకొని అడగడు. బియ్యం ఇంట్ల వాడుకో" అన్నాడు.

నేను ఆ మాట కోసమే పోయాను. దొరికింది. అయినా స్టూలు మీద నుంచి లేవబుద్ధి కాలేదు.

"సదానందన్న ఎట్లున్నడు?" అన్నాడు ఆయన.

"మంచిగున్నడు. నాకు గదే మండుతున్నది" అన్నాను. పాస్టరు ముందు అనకూడని మాటే, కానీ వచ్చేసింది.

"ఎందుకు మంచిగున్నడో అడిగినవా అక్కా?"

అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సంసారంలో మా ఆయనకు నేను చెప్పడమే కానీ అడగడం తక్కువ. ఆ సంగతి దారి పొడవునా ఆలోచిస్తూ ఇంటికొచ్చాను.

పొద్దు వాలుతోంది. ఆయనను కుర్చీలోకి దింపి గడప దగ్గర కూర్చోబెట్టి పోయాను కదా, నర్సమ్మ అరుగు మీద కూర్చొని ఆయనతో ఏదో మాట్లాడి నవ్వుతోంది. నన్ను చూడగానే కొంగు సర్దుకొని లేచింది. "అన్నా, ఎలుకల మందు వచ్చింది, నేను పోతున్న" అని వెళ్ళిపోయింది. అంటే డ్రమ్ము సంగతి దానికీ చెప్పేశాడన్నమాట.

నేను గడప మీద కూర్చున్నాను. "నీకెందుకు ఇంత సంతోషం?" అని అడిగాను. కోపంగానే అడిగాను, వేరే గొంతు నాకు లేదు.

ఆయన మళ్ళీ మొదలైన చినుకుల దిక్కు చూశాడు. "దవాఖానల మొదటి మూడు దినాలు సావు రావాలెనని అడిగిన" అన్నాడు. "నీకు చెప్పలే. ఏప్రిల్ల డాక్టరు చెప్పిననాడు మళ్ళ అడుగుదామనుకున్న. ఇంటికొచ్చినంక నువ్వు గిలాస పొయ్యలే. పాట బంద్ జేసినవు. పొద్దుమీకి ఇంట్ల సప్పుడే లేదు. గప్పుడు నాకు భయమైంది. కాళ్ళు పోయినయని అంత భయం కాలే. ఇంటికొకరు చాలని నేను అంటుంటి గద, గా ఒక్కరు పోయిరి. ఇగ ఎవరున్నరు? నేనే ఉన్న."

నేను గడప మీద ఇంకాస్త ఆయన దిక్కు జరిగాను.

"నాకు ప్రార్థన రాదు. నీ తీరుగ గంట సేపు చెప్పుడు నాకు చేతగాదు. గిలాస పోసుడైతే వస్తది. కానీ ఉత్తగ పోస్తే దొంగతనం చేసినట్టున్నది. దేనికి పోస్తున్ననో ఒక్క మాటన్న చెప్పాలె గద అనిపించింది. మొదటి దినం మస్తు సేపు ఆలోచన చేసిన. ఏం దొరకలే. నర్సమ్మ పచ్చిపులుసు పంపింది, గదే చెప్పి పోసిన. తెల్లారి కాకి గడప మీదికొచ్చి నా దిక్కు చూసింది, గది చెప్పిన. నువ్వు నన్ను తిప్పేటప్పుడు తిడుతవు గని చేతులు మెత్తగ పెడ్తవు, గది చెప్పిన. రెండు నెలలు పోయినంక చూస్తే, పొద్దుగాల పోసి పొద్దుమీకి కోసం చూస్తున్న. ఇయ్యాల ఏం చెప్పాల్నో అని దినమంత వెతుకుతున్న. ఆయన ఈడనే కూసున్నట్టుంటది సాయమ్మ. గింతకు ముందు మందిరంల చెప్పుల కాడ కూసుంటే ఎన్నడు అనిపియ్యలే."

"మరి కాళ్ళు?" అన్నాను.

"కాళ్ళు కావాలె. ఇప్పటికి కావాలె. లేస్తనే కదులుతయేమోనని చూస్త. కదలవు. ఏడుపొస్తది. ఏడ్చినంక గిలాస పోస్త. రెండు ఉంటయి, ఒకటి పోతెనే ఒకటి వస్తదని లేదు."

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. ఆయనకు ఆ మోకాళ్ళ మీద నా తల ఉన్నట్టు కూడా తెలియదు. చేయి తెచ్చి నా నెత్తి మీద పెట్టాడు. ఏప్రిల్ నుంచి నేను ఏడవలేదు, తిట్టాను అంతే. తిట్టినంతసేపు దేవుడు దూరంగా ఉన్నట్టు, నేనే తలుపు వేసినట్టు ఉండేది. ఆ సాయంత్రం ఏడుస్తుంటే ఎందుకో తలుపు తెరిచినట్టయింది. ఏమీ మారలేదు. వాన కూడా ఆగలేదు.

కళ్ళు తుడుచుకొని లేచాను. "కూడిక పెడదాం. కానీ తూకం తూకమే. అయ్యగారు వద్దన్నా నేను తూస్త. నువ్వు ఎంత ఉంటే అంత" అన్నాను. ఇంత జరిగినా నా మొండితనం ఎక్కడికి పోతుంది? పాస్టరుగారికి ఫోను చేసి చెబితే, "దేవునికైతే తూకం అక్కర్లేదు. నీకు కావాలంటే తూచుకో అక్కా" అన్నాడు.

నవంబర్ రెండో ఆదివారం ఆరాధన అయిపోగానే సంఘమంతా మా వాకిట్లోకి వచ్చింది. షారోన్, అల్లుడు ముందురోజే వచ్చారు. వాడలో ప్రార్థనకు రానివాళ్ళను కూడా పిలిచాను, అన్నానికి పిలుపు అందరిదీ. కాంటా కోసం తండా నుంచి ప్రేమ్‌సింగ్‌ను పిలిచాను. ఊరూరా తిరిగి పత్తి కొంటాడు. నేలమీద పెట్టే కరెంటు కాంటాను ఆటోలో వేసుకొచ్చాడు. ముందు డ్రమ్ములోని బియ్యం బస్తాల్లోకి పోసి తూచాం. డెబ్బై రెండు కిలోలు.

"ఇగ అన్నను తూద్దాం" అన్నాడు ప్రేమ్‌సింగ్.

అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, నాకు కూడా తట్టలేదు. ఆయన దాని మీద నిలబడలేడు. పత్తి బస్తా పెట్టే పలక అది, చిన్నది. ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెడదామని అల్లుడు, ప్రేమ్‌సింగ్ ఆయనను పట్టుకొచ్చారు. కుర్చీ కాలు పలక అంచు మీద పడి ఒరిగింది. ఆయన కాళ్ళు చెరో దిక్కుకు జారాయి, లుంగీ పక్కకు పోయింది. షారోన్ పరుగున వచ్చి సర్దింది. కొందరు తలలు దించుకున్నారు. ఆయన నవ్వడానికి చూశాడు కానీ ఈసారి నవ్వు రాలేదు.

"వద్దు సాయమ్మ. అందాజ మీద ఇచ్చెయ్" అన్నాడు చిన్న గొంతుతో.

ఆ గొంతు నేను భరించలేకపోయాను. ఇంత పిచ్చి మొక్కు మొక్కి, ఇంతమంది ముందు ఈయనను ఇట్లా కూర్చోబెట్టింది నేనే. కొంగు నడుముకు చెక్కుకున్నాను. అల్లుణ్ణి జరగమన్నాను. రోజూ ఎత్తే మనిషే కదా, మంచం పట్టాక బాగా చిక్కాడు కూడా. ఒక చేయి వీపు కింద, ఒక చేయి మోకాళ్ళ కింద పెట్టి ఎత్తి, ఆయనతో సహా కాంటా ఎక్కి నిలబడ్డాను.

వాకిట్లో ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పెళ్ళినాడు కూడా మమ్మల్ని ఎవరూ ఇంత దగ్గరగా చూసి ఉండరు. "ఓ సాయమ్మా, పడేసేవు" అని నర్సమ్మ అరిచింది. మా ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆయన ముఖం నా చెవి పక్కనే ఉంది.

"సాయమ్మ" అన్నాడు మెల్లగా. "పాట ఎత్తు."

"నిన్ను ఎత్తాల్నా, పాట ఎత్తాల్నా?" అన్నాను.

ఆయన నవ్వాడు. పొట్టలో నుంచి వచ్చిన నవ్వు. అది నా చేతుల్లోకి దిగింది, నాకూ నవ్వు వచ్చింది. ఇద్దరం ఊగిపోతుంటే కాంటా మీద అంకెలు పైకీ కిందికీ గెంతుతున్నాయి. "జర ఊపిరి బిగబట్టి నిలబడు అక్కా, అంకె ఆగుతలేదు" అని ప్రేమ్‌సింగ్ మొత్తుకున్నాడు. తొమ్మిదేళ్ళప్పుడు బిగబట్టాను. ఈసారి బిగబట్టలేదు. గట్టిగా గాలి పీల్చుకొని, ఏడు నెలలుగా మూతపెట్టిన పాట ఎత్తాను. మొదటి చరణం బొంగురుగా వచ్చింది. మా ఆయన శ్రుతి లేకుండా అందుకున్నాడు. రెండో చరణానికి వాకిలంతా అందుకుంది.

పాట అయ్యాక అంకె నిలిచింది. తొంభై తొమ్మిది.

ఆయనను కుర్చీలో దింపాను. "అక్కా, ఇప్పుడు నువ్వొక్కదానివే ఎక్కి నిలబడు. నీ బరువు తీసేస్తే అన్నది తెలుస్తది" అన్నాడు ప్రేమ్‌సింగ్.

నేను కాంటా దిక్కు ఒక అడుగు వేసి ఆగిపోయాను. ఆ పొద్దు నా సాక్ష్యం ఏం చెప్పాలో ముందే అనుకొని పెట్టుకున్నాను, అదంతా మర్చిపోయాను.

"తియ్యకు" అన్నాను. "ఆయనను నిలబెట్టుమని అడిగిన. ఆయనను ఎత్తుకునేటందుకు ప్రభువు నన్ను నిలబెట్టిండు. పది నెలల సంది దినాం నిలబెడుతున్నడు, నేనే చూడలే. నా బరువు తీసేస్తే అబద్ధమైతది. తొంభై తొమ్మిదే రాసుకోండ్రి."

"స్తోత్రం" అన్నాడు పాస్టరుగారు, ఎప్పుడూ అనే గొంతుతో కాదు.

"మరి ఇరవై ఏడు కిలోలు తక్కువైతయి గద అక్కా" అన్నాడు ప్రేమ్‌సింగ్. పత్తి తూచే మనిషి, తక్కువైతే ఊరుకోలేడు.

"పోస్త. రేపటి సంది" అన్నాను.

ఆ మధ్యాహ్నం వండిన అన్నం అందరూ తిన్నారు. మిగిలిన బియ్యం ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ ఇళ్ళకు పంచాం. డ్రమ్ము ఖాళీ అయింది. కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మంచం తలాపున పెట్టాను.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించి గ్లాసు నిండా బియ్యం తీసుకొని డ్రమ్ము దగ్గర నిలబడ్డాను. పాటలు పాడిన నోరే, సాక్ష్యాలు చెప్పిన నోరే. గ్లాసు ఒంచబోతే ఏం చెప్పాలో తెలియలేదు. ఆయన లేవగానే కాళ్ళ దిక్కు చూసుకోవడం చూశాను. అవి కదలలేదు. కళ్ళు తుడుచుకొని నా దిక్కు తిరిగాడు.

"ఉత్తగ పొయ్యొద్దు" అన్నాడు. "ఏదో ఒకటి చెప్పాలె."

చాలాసేపు ఆలోచించాను. నా చేయి నొప్పి పుట్టింది. బయట నర్సమ్మ పిల్లి అరుగు మీద ఎండలో పడుకొని ఉంది.

"ప్రభువా, మా ఇంట్ల ఎలుకలు లేవు. గందుకు" అన్నాను.

బియ్యం ఖాళీ డ్రమ్ము అడుగున పడి చప్పుడు చేశాయి. మంచం మీద ఆయన నవ్వుతూ సాయంత్రం గ్లాసు కోసం చేయి చాచాడు.

"ఆగు" అన్నాను. "ఇంక పొద్దు గూకలే."